చుక్కల గీత

మిషను కొట్టు పై అంతస్తు
వానలు వెనకబట్టిన వారం

అమ్మాయీ,

ఉత్తరం మొదట్లో "సౌభాగ్యవతి" అని రాసే అలవాటు నాకు లేదు. నీ భాగ్యం నీ చేతిలోని సుత్తిలో ఉంది. నా కొడుకు చేతిలో ఉందని, వాడిని కన్నదాన్ని కాబట్టే, చెప్పలేను.

వాడి ఉత్తరం అందింది. నా మెట్లు మరీ నిలువట, నా మోకాళ్ళు మరీ అరిగాయట, మీ ఇంటి ముందుగది ఖాళీగా ఉందట, ఎండలు ముదరకముందే నేను వచ్చెయ్యాలట. పొద్దస్తమానం మందుల కొట్టులో నిలబడేవాడికి కన్నతల్లి కూడా మందుచీటీలాగే కనిపిస్తుంది కాబోలు. ఆడపిల్లల కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి, నా పింఛను నేను తింటున్నదాన్ని. నా తాళంచెవి నా కొంగునే ఉంది. ఇంకొకరి వంటింట్లో నా గ్లాసు ఏ అలమరలో పెట్టారో అడిగి తెలుసుకునే రోజు నాకు రాకూడదు. ఈ మాట వాడికి రాస్తే "అలిగావా అమ్మా" అంటాడు. అందుకని నీకు రాస్తున్నాను.

ఇక పనికొచ్చే సంగతి. నువ్వు రాళ్ళు పరీక్షిస్తున్న సొరంగం గ్రానైటులోకి ప్రవేశించిందని రాశావు. సంతోషం. ఆ కొండ నాకు కొత్తది కాదు. చదువుకునే రోజుల్లో సుత్తి పుచ్చుకుని దాని చుట్టూ తిరిగి పటం గీశాను. భూమి లోతున కరిగిన రాయి పైకి ఎగదన్నుకొచ్చి, అప్పటికే అక్కడున్న నల్లని పొరలరాతిలోకి చొరబడి, గాలి మొహం చూడకుండానే చల్లారి గట్టిపడింది. పైనున్నదంతా యుగాల తరబడి అరిగిపోయాక కొండై బయటపడింది. పడమట ఆ రెండు రాళ్ళూ కలిసే అంచును కళ్ళతో చూశాను కనుక అక్కడ నిండు గీత గీశాను. తూర్పున అంచు మట్టి కింద ఉంది. అక్కడ ఊహించి, చుక్కల గీత పెట్టాను. ఇప్పుడు మీ ఆఫీసువాళ్ళు నేలలోకి కరెంటు పంపి కొలిచి, తూర్పు అంచు నా చుక్కల కన్నా బాగా ఇవతలే ఉందని కొత్త గీత గీశారని విన్నాను.

పందెం కాస్తాను. గ్రానైటు నా చుక్కల దాకా సాగితే, ఇల్లు మారమని మీ ఇద్దరిలో ఎవరూ నన్ను ఇంకెప్పుడూ అడగకూడదు. మీ ఆఫీసు గీత దగ్గరే ముగిసిపోతే, మారుమాట లేకుండా పెట్టె సర్దుకుని వస్తాను.

ఒక షరతు. నువ్వు నా దగ్గర చదువుకోలేదు, అది నీ తప్పు కాదు. నా విద్యార్థినులు ఎడమ పేజీలో చూసినది, కుడి పేజీలో అనుకున్నది రాసేవారు. ఈ రెంటినీ కలగలిపితే సున్నా మార్కులు వేసేదాన్ని. నీ ఉత్తరాలు కూడా అలాగే రాయి.

అత్తయ్య


సొరంగం ఆఫీసు, కొండ పాదం
చలి మొదలవుతూ

అత్తయ్యగారికి నమస్కారాలు.

పందానికి సై. మీ అబ్బాయికి చెబితే భోజనం మధ్యలో ఆగిపోయారు. "అమ్మతో పందెమా? అమ్మ ఓడిపోయిందని రాయి చెప్పినా ఒప్పుకోదు. ముందు కాగితం మీద సంతకం పెట్టించుకో" అన్నారు. మీ ఉత్తరమే కాగితం అన్నాను. మా మేస్త్రిని మీరు చూడలేదు. మందుగుండు పేల్చేది ఆయనే కాబట్టి అందరూ "పిడుగు" అంటారు. ఆయనైతే, "అత్తాకోడళ్ళు గిన్నెల మీద పోట్లాడుకోవడం చూశాను గానీ, కొండ మీద పందెం కాయడం ఇదే చూడ్డం మేడం" అని ఒకటే నవ్వు.

చూసినది: సొరంగం గోడ నిండా బూడిదరంగు గ్రానైటు. తెల్లని పలుకులు బొటనవేలి గోరంత ఉన్నాయి. మధ్యలో పలుగురాయి, నల్లని అభ్రకం. గోడ పొడిగా ఉంది. సుత్తితో కొడితే గంటలా మోగుతోంది.

అనుకున్నది: కొన్నాళ్ళపాటు భయం లేదు. భయమంతా తూర్పు అంచు దగ్గరే. అక్కడ రాయి చితికి ఉంటుంది, కొండ తాగిన నీళ్ళన్నీ అక్కడే దాగి ఉంటాయి. తెలియక పేలిస్తే లోపలున్న మనుషుల మీదికి వస్తాయి. అందుకే ప్రతి పేలుడుకూ ముందు పొడుగాటి పరీక్ష బెజ్జాలు వేసి చూస్తున్నాం. ఈ ఊరి కుళాయిలు రోజు విడిచి రోజు వస్తాయి. కొండ అవతలి చెరువు నీళ్ళు ఈ సొరంగంలోంచే రావాలి. కాబట్టి పైవాళ్ళందరికీ తొందరే.

ముందుగది కిటికీకి ఉదయపు ఎండ వస్తుంది. ఇది చూసినది మాత్రమే.

మీ కోడలు


మిషను కొట్టు పై అంతస్తు
ఒక ఆదివారం

అమ్మాయీ,

కిటికీ ఎండను రాతి పరిశీలన మధ్యలో దూర్చినందుకు ఒక మార్కు కోత.

గ్రానైటు నిదానస్తురాలు. కరిగిన రాయి ఎంత మెల్లగా చల్లారితే పలుకులు అంత పెద్దవిగా పెరుగుతాయి. చల్లని పాతరాతికి ఆనుకున్న అంచు దగ్గర తొందరగా చల్లారుతుంది కనుక అక్కడ సన్నగా, గోధుమనూకలా మిగిలిపోతుంది. ఇది నీకు తెలిసిందే. తెలిసిందే మళ్ళీ చెప్పడం టీచర్ల జబ్బు, నీ మొగుడి కొట్టులో దానికి మందు దొరకదు.

కింద బట్టలు కుట్టే మిషను కొట్టావిడ నా పోస్టు అందుకుని, మెట్ల కింద నిలబడి కేకేస్తుంది. నిన్న, "టీచరమ్మా, రాళ్ళ గురించి ఇన్ని ఉత్తరాలా? మా ఆయన పెళ్ళికి ముందు నాకు ఇందులో సగం కూడా రాయలేదు" అంది. "రాళ్ళకు రాయవలసినంత ఉంది మరి" అన్నాను. "పైకి తెచ్చివ్వనా?" అంది. అక్కర్లేదని నేనే దిగి తెచ్చుకున్నాను. ఈ మాట మావాడికి చదివి వినిపించు.

అత్తయ్య


సొరంగం ఆఫీసు
చలి ముదిరాక

అత్తయ్యగారికి,

మీరు ఓడిపోయారు అత్తయ్యా.

చూసినది: ఉదయం పేలుడు పొగ తేరాక చూస్తే ఎదురుగా నల్లని పొరలరాయి. సొరంగం ఎదుటి గోడంతా అదే. మా ఆఫీసు గీత ఉన్నది సరిగ్గా అక్కడే.

అనుకున్నది: గ్రానైటు అయిపోయింది. విచిత్రమేమిటంటే, అంచు దగ్గర చుక్క నీరు రాలేదు. పెద్ద ఇంజనీరుగారు అందరికీ స్వీట్లు పంచారు. "గండం గడిచింది, ఇంక బెజ్జాలతో కాలం వృథా చెయ్యొద్దు, పని ఉరికించండి" అన్నారు. పిడుగు కూడా గెలిచినవాడిలా తిరుగుతున్నాడు. ఎవరు గెలిస్తే తనకేమిటో నాకు తెలియదు.

మీ అబ్బాయి సాయంత్రమే సున్నం తెచ్చి ముందుగదికి వేయడం మొదలుపెట్టారు. గోడకు పడిన దానికన్నా ఆయన మీద పడిందే ఎక్కువ. వీపు ఆనేలా ఒక వాలుకుర్చీ కూడా కొన్నారు. నాకు సంతోషంగా ఉంది. అదే సమయంలో, మీరు ఈ ఉత్తరం విప్పేటప్పుడు మీ మొహం ఎలా ఉంటుందోనని బెంగగానూ ఉంది. రెండూ చూసినవే, అనుకున్నవి కావు.

ఎప్పుడు రమ్మంటారో రాయండి. నేనే వచ్చి తీసుకువస్తాను.

మీ కోడలు


మిషను కొట్టు పై అంతస్తు
ఉత్తరం అందిన రోజే

అమ్మాయీ,

కుర్చీని కొట్టువాడు వెనక్కి తీసుకుంటాడేమో కనుక్కోమను.

మీ ఆఫీసంతా కలిసి ఒక తప్పు చేసిందని నా అనుమానం. నల్లరాయి కనిపించగానే గ్రానైటు అయిపోయిందని తీర్పు చెప్పారు. గుమ్మంలో చుట్టాల చెప్పులు కనబడగానే ఇంటివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారనుకున్నట్టుంది. కరిగిన రాయి చొరబడేటప్పుడు పాతరాతి పెళ్ళలు విరిగి అందులో పడతాయి. కొన్ని పిడికెడుంటాయి, కొన్ని ఇల్లంత. అవి కరగవు. చుట్టూ గ్రానైటు గట్టిపడినా తమ పొరలను తాము నిలుపుకుంటాయి. మేం వాటిని అతిథి రాళ్ళనేవాళ్ళం. మీ యంత్రం కూడా ఆ అతిథినే చూసి అంచు అనుకుని ఉంటుంది.

అడిగిన దానికి చూసినదే రాయి. నల్లరాతిని సమీపిస్తుంటే గ్రానైటు పలుకులు సన్నబడ్డాయా, బొటనవేలి గోరంతే ఉన్నాయా? నల్లరాతి పొరలు ఎటు తిరిగి ఉన్నాయి? పడమటి అంచు అవతల అవి ఉత్తర దక్షిణాలుగా నిలబడి ఉంటాయి. ఇక్కడా అలాగే ఉన్నాయా? ఒకే ముక్కలో రెండు రాళ్ళూ ఉండేలా అంచు పగలగొట్టి పంపు. భూతద్దం ఇంకా నా దగ్గరే ఉంది.

పందెం సంగతి అటుంచు. నేను చెప్పింది నిజమైతే అసలు అంచు ఇంకా ముందుంది, నీళ్ళూ అక్కడే ఉన్నాయి. స్వీట్లు తిన్న ధైర్యంతో దాని మీదికి పోకండి. నా మాట తేలేదాకా బెజ్జాలు మానవద్దు.

అత్తయ్య


సొరంగం ఆఫీసు
చలిగాలుల వారం

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

చూసినది: పలుకులు సన్నబడలేదు. నల్లరాయి తగిలేదాకా బొటనవేలి గోరంతే. పొరలు తూర్పు పడమరలుగా, అడ్డంగా పడి ఉన్నాయి.

అనుకున్నది: ఇది మొదటి రోజే నేను చూడవలసింది. నల్లరాయి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఉన్నాను, అది రాగానే చూడడం మానేశాను.

పెద్ద ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాను. "మీ అత్తగారి పందెం కోసం నా పని ఆపమంటారా?" అన్నారు. "రాయి కోసం సార్" అన్నాను. "రాయి నాతో మాట్లాడలేదే" అన్నారు. నా పేరు మీద, నా పూచీ మీద బెజ్జాలు సాగనివ్వమని రాసిచ్చాను. గ్రానైటు మళ్ళీ రాకపోతే ఆలస్యానికి సంజాయిషీ నేను చెప్పుకోవాలి. పిడుగు మాత్రం బయటికి వస్తూ, "లోపల ఉండేది మేమే కదా మేడం, ఇంకో నాలుగు బెజ్జాలకి మాకేం బరువు" అన్నాడు.

మీ అబ్బాయి అనుమానం మీ అబ్బాయిది. "అమ్మ పందెం గెలవడానికి కొండనైనా సాగదీస్తుంది" అన్నారు. అందుకని అడుగుతున్నాను, కోపగించుకోకండి. మీరు రాయి చూసి అంటున్నారా, ఇల్లు వదలడం ఇష్టంలేక అంటున్నారా?

అంచు ముక్క విడిగా పార్సెల్లో పంపాను. బరువుగా ఉంది. మిషను కొట్టావిడను తీసుకుని పైకి తెచ్చిమ్మనండి. దయచేసి.

మీ కోడలు


మిషను కొట్టు పై అంతస్తు

అమ్మాయీ,

ముక్క అందింది. నీటితో తడిపి భూతద్దం కింద చూశాను.

చూసినది: గ్రానైటు పలుకులు అంచుదాకా పెద్దవే. నల్లరాయి ఒక్క అంచున కాదు, ముక్క పొడుగునా కాలింది. అభ్రకం రేకులు మళ్ళీ కొత్తగా పెరిగాయి.

అనుకున్నది: అన్ని వైపులా వేడి సోకితేనే అలా కాలుతుంది. ఇది అతిథి. గ్రానైటు మళ్ళీ వస్తుంది. దాని పలుకులు సన్నబడడం మొదలైనప్పుడు మాత్రం జాగ్రత్త పడు.

నీ ప్రశ్నకు జవాబు. అబద్ధం ఆడదలిస్తే రాతి విషయంలో ఆడను. ముక్కలో సగం తిప్పి పంపుతున్నాను, మీ పెద్ద ఇంజనీరుకు చూపించు. రాయి మాట్లాడదన్నవాడికి వినడం నేర్పాలి.

ఇంతకన్నా రాయడానికి తీరిక లేదు.

అత్తయ్య


సొరంగం ఆఫీసు
చలి తగ్గుతూ

అత్తయ్యగారికి,

మీరే గెలిచారు.

చూసినది: నల్లరాయి దాటి గ్రానైటు మళ్ళీ వచ్చింది, పెద్ద పలుకులతో, ఏమీ జరగనట్టు. రోజులు గడిచాయి. మీ చుక్కల దగ్గరికి వచ్చేసరికి పలుకులు చిట్టిగోరంత అయ్యాయి, తరవాత నూకంత. నేను పని ఆపించాను. మరునాడు పరీక్ష బెజ్జంలోంచి నీళ్ళు చిమ్మాయి. ఎంత జోరుగా అంటే బెజ్జం వేసే ఇనప రాడ్డును వెనక్కి తన్నాయి. పిడుగు తడిసి ముద్దయ్యాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. బెజ్జాల్లోంచే నీటిని మెల్లగా బయటికి వదిలి, చితికిన రాతిలోకి సిమెంటు పాలు ఎక్కించి, గట్టిపడ్డాక జాగ్రత్తగా ముందుకు పోయాం. అసలు అంచు మీ చుక్కలకు కొంచెం అవతల ఉంది. అక్కడ పొరలు ఉత్తర దక్షిణాలుగా, మీరు చెప్పినట్టే నిలబడి ఉన్నాయి.

పెద్ద ఇంజనీరుగారు మీ ముక్కను తన బల్ల మీద పెట్టుకున్నారు. ఎవరొచ్చినా ముందు దాన్ని చూపించి, ఆ తరవాతే కూర్చోమంటున్నారు. పిడుగు, "ఆ పెద్ద మేడంగారు లేకపోతే నా పేరు నా నెత్తినే పడేది" అంటున్నాడు.

పందెం ప్రకారం ఇల్లు మారమని మేమెవరమూ మిమ్మల్ని అడగం. మీ అబ్బాయి ఒప్పుకున్నారు. ఒప్పుకుని, మీకోసం కొన్న వాలుకుర్చీలో తనే కూర్చున్నారు.

ఇంకొకటి.

చూసినది: మీరు తిప్పి పంపిన రాయి గుడ్డసంచిలో వచ్చింది. సంచికి రెండు వరుసల మిషను కుట్టు. మీరు బొత్తాం ఊడినా పిన్నీసు పెట్టుకునే మనిషి. పైన చిరునామా మీ చేతిరాత కాదు. ఉత్తరంలో మీ అక్షరాలు కొండ దిగుతున్నట్టు కిందికి జారాయి, పడుకుని రాసినవాళ్ళ అక్షరాల్లాగా. పైన రోజు లేదు, వారం లేదు, మా ఇద్దరి మీదా ఒక్క ఎత్తిపొడుపూ లేదు.

అనుకున్నది: ఇక్కడ ఖాళీ వదిలాను. మీరే నింపండి. మీ అబ్బాయికి నేనేమీ చెప్పలేదు.

అసలు అంచుకు త్వరలో కాంక్రీటు పూత వేస్తారు. ఆ పైన దాన్ని ఎవరూ చూడలేరు.

మీ కోడలు


మిషను కొట్టు పై అంతస్తు
ఎండ మెట్ల దాకా వచ్చిన రోజు

అమ్మాయీ,

పరిశీలనకు పూర్తి మార్కులు. నా దగ్గర చదువుకోకుండానే ఇంత నేర్చావంటే కొంచెం కష్టంగానే ఉంది.

చూసినది: నీ పార్సెల్ వచ్చిన రోజు మిషను కొట్టావిడ, "అక్కడే పెట్టండి టీచరమ్మా, ఈ జాకెట్టు అంచు అయిపోగానే తెస్తాను" అంది. నేను ఆగలేదు. మెట్ల మలుపులో కాలు తప్పింది. రాయి పగల్లేదు, నా చీలమండ పగిలింది. పిండికట్టు వేశారు. ఆవిడ పొద్దున, సాయంత్రం పైకి వచ్చి నా పనులు చేసింది. "మీ వాళ్ళకి రాయనా?" అని రోజూ అడిగింది. రాస్తే పక్కింటి దర్జీ దగ్గర కుట్టించుకుంటానని బెదిరించాను. సంచి కుట్టింది ఆవిడే. నీ ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఇప్పుడు కట్టు విప్పారు. కర్ర పట్టుకుని గదిలో తిరుగుతున్నాను. మెట్లు మాత్రం దిగలేదు.

అనుకున్నది: ఈ సంగతి తెలిస్తే, పందెంలో నేను గెలిచినా మీరు నన్ను గెలవనివ్వరనుకున్నాను. నువ్వు ముందే తెలుసుకుని కూడా మావాడికి చెప్పకుండా గెలవనిచ్చావు. ఇదే పోస్టులో వాడికీ ఉన్నదున్నట్టు రాశాను. కోపం వస్తే రానీ. మందులు రాసి పంపితే మాత్రం వేసుకోను.

అంచు నా చుక్కలకు కొంచెం అవతల ఉందన్నావు. ఆ చుక్కలు పెట్టిన రోజు పెన్సిల్ చెక్కుకుంటూ ఆ మట్టి మీదే కూర్చున్నాను. కింద ఏముందో ఊహించి గీసి, ఇన్నేళ్ళూ ఇంకొకరి పిల్లలకు ఆ పటాన్ని గోడకు తగిలించి పాఠం చెప్పాను. అరచెయ్యి ఆనిస్తే ఒక పక్క గ్రానైటు, ఒక పక్క పాతరాయి తగిలే చోటు. కాంక్రీటు వేస్తారన్న మాట చదివి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

మీరిద్దరూ మాట మీద నిలబడే మనుషులు. ఇల్లు మారమని ఒక్క ముక్క కూడా రాయడం లేదు. పోస్టుమాన్ కింది నుంచే సైకిలు తిప్పుకుని వెళ్ళిపోతున్నాడు.

అత్తయ్య


ఇల్లు
సెలవు రోజు

అత్తయ్యగారికి,

చూసినది: మీ ఉత్తరం చదివి మీ అబ్బాయి అరిచారు, తరవాత ఏడ్చారు, తరవాత కొట్టుకు వెళ్ళి కర్ర కింద బిగించే రబ్బరు బిళ్ళలు తెచ్చారు. ఏ సైజో తెలియక అన్నీ తెచ్చారు.

ముందుగదికి వీధిలోకి సొంత తలుపు ఉంది. గుమ్మం నేలమట్టం, మెట్లు లేవు. మా వైపు తలుపుకు గడియ మా పక్కనే ఉంది. గదిలో ఒక మూల నీళ్ళ కుళాయి, స్టవ్ పెట్టుకునే గట్టు ఉన్నాయి. అలమర ఒకటి, ఖాళీది. కిటికీలోంచి పక్కకు చూస్తే కొండ తూర్పు వాలు కనిపిస్తుంది, మీరు పెన్సిల్ చెక్కుకున్న వైపు. ఇంటి యజమాని ఆ గదిని విడిగా అద్దెకు ఇస్తానని చాలా రోజులుగా అంటున్నాడు.

సొరంగంలో రాళ్ళు మోసే బండి పట్టాల మీద అంచు దాకా వెళుతుంది. కూర్చుంటే నడవనక్కర్లేదు. కాంక్రీటు పూతను ఆ ఒక్కచోట చివరికి వేస్తానని పెద్ద ఇంజనీరుగారు అన్నారు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అనుకున్నది:

(అడగకూడదని పందెం. అందుకని ఇక్కడ ఏమీ రాయడం లేదు.)

మీ కోడలు


మిషను కొట్టు పై అంతస్తు
పెట్టెలు దింపకముందు

అమ్మాయీ,

నువ్వు అడగలేదు. నేను చెబుతున్నాను.

అద్దె నేను నేరుగా ఇంటి యజమానికి ఇస్తాను, మావాడు మధ్యలో దూరకూడదు. మీ వైపు తలుపుకు నా పక్కన కూడా గడియ బిగించాలి. తలుపు తట్టి, నేను రమ్మన్నాక రావాలి. నా గ్లాసు నేనే తెచ్చుకుంటున్నాను, అలమరలో నేనే పెట్టుకుంటాను. అతిథి రాయితో నన్ను పోల్చాలని నీకు నోటిదాకా వచ్చి ఉంటుంది. వద్దు. ఆ రాయి తన షరతులు చెప్పి రాలేదు.

మిషను కొట్టావిడ, "వెళ్ళండి టీచరమ్మా, నాకూ మోకాళ్ళు నొప్పులే, ఈ మెట్లెక్కలేక చచ్చాను" అని, నా పెట్టె మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నా భూతద్దానికి గుడ్డసంచి కుట్టి ఇచ్చింది. మళ్ళీ రెండు వరుసల కుట్టు.

అత్తయ్య


ముందుగది
కాంక్రీటు పోయడానికి ముందురోజు

వెనకగదిలోని అమ్మాయికి,

పక్క గదికి ఉత్తరమేమిటని మావాడు నవ్వాడు. నోటితో చెప్పదగినవి నోటితోనే చెబుతాను. ఇది తలుపు కిందినుంచి తోస్తున్నాను.

చూసినది: రాళ్ళబండిలో కూర్చుని కొండలోకి వెళ్ళాను. పిడుగు నా తలకు ఇనప టోపీ పెట్టి, "పెద్ద మేడం, ఇక్కడ తల వంచాలి" అన్నాడు. ఎవరి ముందూ వంచని తలను ఆ పైకప్పు ముందు వంచాను. దారిలో అతిథి రాయి కనబడితే దీపం దాని మీదికి తిప్పమన్నాను. అంచు దగ్గర బండి ఆపారు. నువ్వు మోచెయ్యి పట్టుకున్నావు, వదలమన్నాను, వదిలావు. అరచెయ్యి ఆనించాను. చిటికెనవేలి వైపు నూకలాంటి గ్రానైటు, బొటనవేలి వైపు నల్లని పొరలు. మధ్య గీత నా అరచేతి గీత కన్నా సన్నం. ఒకప్పుడు ఒకటి నిప్పులా వచ్చి రెండోదాన్ని కాల్చింది. ఇప్పుడు రెంటిదీ ఒకే చల్లదనం. చెయ్యి తడిసింది.

అనుకున్నది: సాయంత్రం నువ్వు పటం పరిచి, పెన్సిల్ నా చేతికిచ్చి, "మీ చుక్కలు తుడిచి నిండు గీత గియ్యండి అత్తయ్యా" అన్నావు. పెన్సిల్ తిరిగి నీకే ఇచ్చేశాను. ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను. మనం చూసింది ఒక్క చోటే. సొరంగం దాటిన ఆ ఒక్క చోట, అంచును సరైన స్థానానికి జరిపి, నిండు గీత నువ్వు గియ్యి. మిగతా తూర్పంతా మట్టి కిందే ఉంది. అక్కడ చుక్కలు చుక్కలుగానే ఉండనీ. ఇంకా చూడవలసింది ఉందని తెలిసేందుకే వాటిని పెడతాం.

తా.క. చూసినది: నా పక్క గడియను మావాడు కొంచెం వంకరగా బిగించాడు, అయినా బాగానే పడుతోంది.

అనుకున్నది: ఇవాళ వెయ్యలేదు.

అత్తయ్య